లోపలి గడియ

తాళం రెండుసార్లు తిరిగింది. మొదటిసారి తేలిగ్గా, రెండోసారి కాస్త బిగిసి. ఆ తర్వాత సునంద తలుపును ఒకసారి తన వైపు లాగి చూసుకుంది. లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. కింద ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టింది. రఘురామ్ అప్పటికే అరగంట ముందు వెళ్ళిపోయాడు. అతను పనిచేసే మంత్రిత్వ శాఖ వైపు వెళ్ళే చార్టర్డ్ బస్సు ఏడున్నరకల్లా గేటు ముందుకు వచ్చేస్తుంది.

వంటింట్లో మాణిక్యం పాలగిన్నె పట్టుకుని ఆ చప్పుళ్ళన్నీ వరసగా విన్నది. నవంబరులో, వచ్చిన కొత్తలో, ఆ రెండో తిప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి తలుపు దాకా వెళ్ళి నిలబడేది. ఇప్పుడు జనవరి ఆఖరు. ఇప్పుడు ఆ చప్పుడు విన్నాకే కుళాయి విప్పి గిన్నె కడగడం మొదలుపెడుతోంది. నీళ్ళు చురుక్కున కొట్టాయి. వేళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎల్లిపోనారా?" అని పక్కగదిలోంచి జానకమ్మ అడిగింది.

"ఎల్లిపోనారు మామ్మగారూ."

"ఏసీసినారా?"

"ఏసీసినారు."

రోజూ ఇవే నాలుగు మాటలు. ఎడం పక్క పక్షవాతం వచ్చి జానకమ్మ నోరు కుడి పక్కకి కొద్దిగా లాగేసింది. మాట నెమ్మదిగా వస్తుంది కాని స్పష్టంగానే వస్తుంది. రఘురామ్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. సెప్టెంబరులో బొబ్బిలి దగ్గరి ఊళ్ళో ఆమె పడిపోతే, ఆసుపత్రి నుంచి నేరుగా ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఈ నాలుగో అంతస్తు ఫ్లాటుకు తీసుకొచ్చాడు. ఆమెను చూసుకోవడానికి ఆ పక్క ఊరి నుంచే మాణిక్యాన్ని రప్పించారు. మే నెలలో తామంతా ఊరికి వెళ్ళేటప్పుడు మళ్ళీ తీసుకువెళ్తామన్నారు.

పదకొండు కావస్తుండగా మాణిక్యం ఒక పాత తువ్వాలును పొడుగ్గా మడిచి జానకమ్మ నడుముకు చుట్టి వెనక ముడి వేసింది. ఆ ముడే పట్టు. ఆమె తూలితే అక్కడ పట్టుకోవాలి. చెయ్యి పట్టుకుంటే భుజం జారుతుందని శనివారం శనివారం వచ్చే ఫిజియోథెరపీ అతను చెప్పాడు. నాలుగు కాళ్ళ వాకరు ముందు పెట్టింది.

"వాకరు. ఎడం. కుడి," అంది మాణిక్యం.

వాకరు గచ్చు మీద కిర్రుమంది. ఎడం పాదం లేవలేదు, ఈడ్చుకుంటూ వచ్చింది. మాణిక్యం తన కాలి బొటనవేలితో ఆ మడమను మెల్లగా ముందుకు నెట్టింది. మంచం నుంచి వీధి తలుపు దాకా పదిహేడు అడుగులు. ఆ వేళ పన్నెండో అడుగు దగ్గర జానకమ్మ ఆగి, పళ్ళు బిగించి, "కుర్చీ," అంది.

మాణిక్యం కుర్చీ లాగి కూర్చోబెట్టి, తాను వెళ్ళి తలుపులోని చిన్న గాజు కన్నంలోంచి బయటకు చూసింది. మెట్ల కిటికీలోంచి ఎండ దిగి, లిఫ్టు ముందు జాగాలో చాప పరిచినంత మేర పడింది. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా అక్కడే ఉంటుంది. ఈ ఇల్లు ఉత్తరం ముఖం. బాల్కనీకి ఇనుప ఊచలు బిగించి, పావురాలు రాకుండా వల కూడా కట్టారు. అటు ఎండ ఎన్నడూ పడదు.

"ఉందా?" అంది జానకమ్మ.

"ఉంది మామ్మగారూ. ఎదురింటి మల్హోత్రా ఆంటీ చెప్పుల మీద కూడా పడతంది."

"ఆవిడ చెప్పులు పెట్టి పుట్టినాయి," అంది జానకమ్మ.

ఆ సాయంత్రం ఇద్దరూ నేల మీద కూర్చుని పచ్చి బఠాణీలు వొలుస్తున్నప్పుడు మాణిక్యం సునందను అడిగింది. పొద్దున్నుంచీ ఆ వాక్యాన్ని లోపల నాలుగైదు రకాలుగా సర్దుకుంది.

"ఆంటీ, పగలు ఒక గంట తలుపు తీసుంటే, మామ్మగార్ని లిఫ్టు కాడ ఎండలో కూర్చోబెడతాను. ఫిజియో సారు ఎండ తగలాలన్నారు కదా."

'అమ్మగారూ' అంటే ఇక్కడివాళ్ళు నవ్వుతారని మొదటిరోజే సునంద చెప్పి, 'ఆంటీ' అని పిలవమంది. ఆమె కాయ చీల్చి గింజల్ని బొటనవేలితో ఒక్క ఊపులో గిన్నెలోకి దూసింది.

"నీకు ఢిల్లీ సంగతి తెలీదు మాణిక్యం. సి బ్లాకులో పగటిపూట బెల్ కొడితే తలుపు తీశారు, అంతే. దొంగలు కొట్టిన దెబ్బలకి ఆ ముసలాయన ఇంకా కోలుకోలేదు. నీ మీద నమ్మకం లేక కాదు. రేపు నీకేమన్నా అయితే మీ అమ్మకి నేనేం చెప్పాలి?"

"కన్నంలోంచి చూసే తీస్తానాంటీ."

"నువ్వు ఒక్కదానివి. భాష రాదు. ఫోన్‌కి నంబర్ లాక్ ఉంది, మాకు చేయలేవు. వద్దమ్మా, నాకు ఆఫీసులో పని మీద మనసుండదు." సునంద కళ్ళ కింద చారలున్నాయి. తొమ్మిది గంటలు ఏదో టీవీ వార్తల ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని వస్తుంది. "లోపల గడియ కూడా వెయ్యకు. మేం ఏ టైముకు వస్తామో. నువ్వు బాత్రూంలో ఉంటే మేం బయట నిలబడాలి."

పేపరు వెనక నుంచి రఘురామ్, "చూద్దాంలే. ఆదివారం నేనే కిందికి పార్కులోకి తీసుకెళ్తా అమ్మని," అన్నాడు.

మూడు ఆదివారాలుగా ఆయన ఆ మాటే అంటున్నాడు. అన్నప్పుడల్లా నిజంగానే అంటాడు. మాణిక్యం బఠాణీ తొక్కలన్నీ ఒక చోటికి దగ్గరగా చేసింది.

మర్నాడు మంగళవారం, పొగమంచు పదింటికి గాని విడలేదు. పదకొండున్నరకు జానకమ్మ పద్నాలుగో అడుగు మీద ఉంది. వంటింట్లో ఫ్రిజ్ ఆగిపోయింది. కరెంటు పోవడం కొత్త కాదు, కింద జనరేటరు మొదలవుతుందని మాణిక్యం చెవి అటు వేసింది. మొదలవలేదు. దాని బదులు రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది.

కుర్చీ జరిపి జానకమ్మను కూర్చోబెట్టి కన్నంలోంచి చూసింది. ఎండ చాప కనిపించలేదు. అంతా బూడిద రంగు. కరెంటు మీటర్ల పెట్టె ఉన్న గోడ వైపు నుంచి చిటపట చప్పుడు. ఎవరో మెట్ల మీద పరిగెత్తుతూ, నిప్పంటుకుందని, "ఆగ్! ఆగ్!" అని అరిచారు. తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది. ఆ సందులోంచి పొగ నేల మీద పాకుతూ లోపలికి వచ్చింది.

తలుపు దబదబ బాదారు. "కోయీ హై అందర్?"

లోపల ఎవరన్నా ఉన్నారా అంటున్న గేటు గార్డు గొంతు. మాణిక్యం రెండు అరచేతులూ తలుపుకు ఆనించి, బయట తాళం వేసి ఉందని అరిచింది. "హై భయ్యా! తాలా హై! బాహర్ సే!"

"చాబీ కహాఁ హై?"

"చాబీ నహీ హై!"

తాళంచెవి లేదన్నాక ఒక క్షణం ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత దగ్గు, పరిగెత్తిపోతున్న బూట్ల చప్పుడు.

మాణిక్యం స్నానాల గదిలోకి వెళ్ళి బకెట్లో నానేసి ఉన్న దుప్పటిని పిండకుండానే తెచ్చి తలుపు సందులో కుక్కింది. నీళ్ళు ఆమె పాదాల మీద కారాయి. మూలలు వదలకుండా వేళ్ళతో తోసి తోసి కుక్కింది. వెనక్కి తిరిగేసరికి జానకమ్మ తనంతట తానే వాకరు పట్టుకుని లేవబోతోంది.

"నన్నొగ్గీ. నువ్వు బేగి ఎల్లిపో."

"ఎక్కడికెల్తాను మామ్మగారూ? ఇద్దరికీ ఒకటే తలుపు కదా."

తువ్వాలు ముడి పట్టుకుంది. ఆ వేళ 'వాకరు, ఎడం, కుడి' అనలేదు. హాల్లోంచి బాల్కనీకి ఎన్ని అడుగులు పడ్డాయో ఇద్దరూ లెక్కపెట్టలేదు. బాల్కనీ తలుపు మూసేసి, జానకమ్మ మీద రజాయి కప్పి, మాణిక్యం ఊచల మధ్య నుంచి కిందకు చూసింది. జనం గుంపుగా నిలబడి పైకి చూస్తున్నారు. ఎదురింటి మల్హోత్రా ఆంటీ నైటీ మీద శాలువా కప్పుకుని, కంగారులో వేసుకున్న రెండు రకాల చెప్పులతో చెయ్యి ఊపుతోంది. ఏదో అరుస్తోంది కూడా. మాణిక్యం కూడా చెయ్యి ఊపింది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. చలి ఊచల్లోంచి ఎముకల్లోకి దిగుతోంది.

ముప్పావుగంటకి ఇసక బకెట్లతో మంట ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. తలుపు పైభాగం బయటి వైపు మసి పట్టింది, అంతే. గార్డు మళ్ళీ వచ్చి తలుపు అవతల నుంచి, "సబ్ ఠీక్ హై, దీదీ, డరో మత్," అని, భయపడొద్దని చెప్పి వెళ్ళాడు.

లోపలికి తీసుకువెళ్దామని మాణిక్యం రజాయి సర్దబోయి ఆగిపోయింది. జానకమ్మ రెండు చేతులతోనూ ఊచలు పట్టుకుని ఉంది. ఎడం చేతి వేళ్ళు కూడా ఊచ చుట్టూ ముడుచుకుని ఉన్నాయి. రెండు నెలలుగా ఎర్ర రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే ముడుచుకోని వేళ్ళు.

"మామ్మగారూ, చెయ్యి," అంది.

జానకమ్మ తన చేతిని తానే కాసేపు చూసుకుంది. "భయానికి పట్టీసినాది," అంది. "ఇప్పుడు ఒగ్గమంటే ఒగ్గటం నేదు. ఒక్కొక్క ఏలూ తియ్యి."

సాయంత్రం సునంద వచ్చేసరికి లిఫ్టు దగ్గరే నలుగురు చుట్టుముట్టి అంతా చెప్పారు. ఆమె చెప్పులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చి అత్తగారి పక్కన మంచం మీద కూలబడి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. మాణిక్యం మసి తుడుస్తూ తలుపు దగ్గరే ఉండిపోయింది. రఘురామ్ వచ్చాక రెండుసార్లు గదంతా తిరిగి, "రేపు లంచ్‌లో వెళ్ళి డూప్లికేట్ చేయిస్తాను. చాలా పొరపాటు జరిగింది. అసలు మనం ముందే చేయించాల్సింది," అన్నాడు.

మాణిక్యం మసిగుడ్డ ఉతికి ఆరేసింది. పొయ్యి పక్క గోడకు, అగ్గిపెట్టె పెట్టే గూటి మీద, ఒక మేకు ఉంది. పాత కేలండరు తగిలించి ఉందక్కడ. దాన్ని తీసి చుట్టి బీరువా వెనక పెట్టింది. మేకును తుడిచింది. తలుపు తాళం లోపలి వైపు నుంచీ తిరుగుతుంది. తాళంచెవి అక్కడైతే చీకట్లో కూడా చేతికి అందుతుంది, పొగ నిండినా తడుముకుని తీసుకోవచ్చు.

బుధవారం సాయంత్రం రఘురామ్ జేబులోంచి రెండు కొత్త తాళంచెవులు తీసి టీ బల్ల మీద పెట్టాడు. ఇత్తడివి, ఇంకా గీతలు పడనివి. మాణిక్యం టీ కప్పు వాటి పక్కన పెడుతూ చూసింది.

"ఒకటి మల్హోత్రా ఆంటీకి ఇచ్చేస్తాను. ఆవిడ రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఇంకోటి గార్డు రూములో. కవర్లో పెట్టి మన ఫ్లాట్ నంబర్ రాసి ఇస్తే చాలు. ఏమన్నా అయితే ఒక్క నిమిషంలో వచ్చి తీస్తారు. ఇంక భయం లేదు మాణిక్యం," అన్నాడు. ఆమెకు ఏదో తెచ్చిచ్చినట్టు నవ్వాడు కూడా.

"మూడోది..." అంది మాణిక్యం.

"మూడోది ఎందుకు?"

ఆమెకు జవాబు తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. సునంద తల ఎత్తి చూసింది. మాణిక్యం, "చక్కెర సరిపోయిందా అంకుల్?" అని అడిగింది.

"సరిపోయింది, సరిపోయింది."

ఆ రాత్రి వంటకు పొయ్యి వెలిగిస్తున్నప్పుడు ఖాళీ మేకు కళ్ళెదుటే కనిపించింది. ఆ కేలండరు మళ్ళీ తెచ్చి తగిలించబుద్ధి కాలేదు.

గురువారం పొద్దున్న తాళం రెండుసార్లు తిరిగింది. జానకమ్మ, "ఏసీసినారా?" అని అడగలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. పదకొండవుతున్నా లేవలేదు.

"లేవండి మామ్మగారూ. నడుద్దాం."

"నాను నడవను."

"నిన్న పదహారు ఎల్లినారు కదా. ఇంకొక్కటే."

"ఒక్కటి నడిస్తే ఏటొస్తాది? తలుపొస్తాది. తలుపుకి తల కొట్టుకోవాలా? కాపలాకుర్రోడికి ఇచ్చినారు, ఎదురింటావిడికి ఇచ్చినారు. ఊళ్ళో అందరి కాడా తాళంచెవులున్నాయి, లోపలున్నోళ్ళకి తప్ప. పాకలో గేదెకి ఎవులైనా తాళంచెవి ఇస్తారా?"

మాణిక్యం మంచం పట్టె మీద కూర్చుంది. ఆమెకూ అలాగే ఉంది. పొద్దున్నే దుప్పటి మడతపెడుతూ, ఇలాంటి పొద్దున్నలు మే నెల దాకా ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్క వెయ్యబోయి మానేసింది. లెక్క తేలితే లేవలేనేమోననిపించింది.

కాసేపటికి లేచి తువ్వాలు మడిచింది. "మీరు నడవకపోతే నాకు రోజంతా ఏటి పని మామ్మగారూ? గోడలు చూసుకుని పిచ్చెత్తిపోద్ది. నా కోసం నడవండి."

జానకమ్మ ఇటు తిరిగింది. "పెంకి గుంటవి," అంది. కుడి చేతి మీద ఆనుకుని లేచింది.

పదమూడో అడుగు దగ్గర తాళంలో చెవి తిరిగింది. ఇద్దరూ నిలబడిపోయారు. తలుపు తెరుచుకుంది. మల్హోత్రా ఆంటీ, చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. ఆమె వెనక, లిఫ్టు ముందు, ఎండ చాప.

"గాజర్ కా హల్వా," అంది ఆమె నవ్వుతూ, మామ్మగారి కోసమని. "మాజీకే లియే. గరమ్ హై."

గిన్నె అందుకోవడానికి మాణిక్యం గడప దాకా వెళ్ళింది. అందుకుంటూనే, తనకు తెలియకుండానే, కాలు గడప దాటింది. రెండో కాలూ దాటింది. ఎండ మొదట పాదాల మీద పడింది, తరవాత మోకాళ్ళ దాకా. గచ్చు వెచ్చగా ఉంది. కిటికీలోంచి కింద పార్కు, తడి గడ్డి, ఎవరిదో ఆరేసిన ఎర్ర రజాయి కనిపించాయి. గిన్నె వేడి అరచేతుల్లోకి దిగుతోంది. ఎవరో పిలిచే దాకా తాను నిలబడి ఉన్నానని కూడా ఆమెకు తెలియలేదు.

"అరే బేటా, అందర్ జావో," అంది మల్హోత్రా ఆంటీ. మెత్తగానే అంది. భుజం మీద చెయ్యి వేసి ఆమెను గడప వైపు తిప్పింది. "సునందా నే బోలా హై, బాహర్ నహీ నికల్నే దేనా. మేరీ జిమ్మేదారీ హై నా." బయటకు రానివ్వొద్దని సునంద చెప్పిందట, బాధ్యత తనదట.

"ఆంటీ, మాజీ... ధూప్ మే... పాంచ్ మినట్," అంది మాణిక్యం. ఎండలో అయిదు నిమిషాలు. ఆమెకు వచ్చిన హిందీ అంతే.

మల్హోత్రా ఆంటీ లోపలికి తొంగి చూసింది. వాకరు పట్టుకుని జానకమ్మ నిలబడి ఉంది. గడప ఇంకా నాలుగు అడుగులు. ఆమె చూపు ఎండ మీదే ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా వాకరు ముందుకు జరిపింది. ఎడం పాదం లేచింది. నిజంగానే నేల మీంచి లేచింది.

"ఇత్వార్ కో, హాఁ? రఘురామ్ జీ లే జాయేంగే," అంది మల్హోత్రా ఆంటీ. ఆదివారం. తలుపు దగ్గరగా లాగింది. తాళం రెండుసార్లు తిరిగింది. ఈ చేతికి అలవాటు లేదు కాబట్టి రెండోసారి మరింత బిగిసింది.

జానకమ్మ ఆగలేదు. పద్నాలుగు, పదిహేను, పదహారు. పదిహేడో అడుగుకి వాకరు తలుపుకు తగిలి టక్కుమంది. ఊపిరి ఎగబోస్తూ ఎడం చెయ్యి ఎత్తి ఆనుకోబోయింది. ఛాతీ ఎత్తున ఉన్న ఇనుప గడియ మీద ఆ చెయ్యి పడింది. బిల్డింగుకు రంగు వేసినప్పుడు గడియకూ పులిమేశారు. ఎవరూ వేసిన జాడ లేదు.

"ఇది కదలదేటి?" అంది జానకమ్మ.

"ఎయ్యొద్దన్నారు మామ్మగారూ."

"ఎయ్యమన్లేదు. కదలదేటీ అంటన్నాను. ఫిజియో అబ్బాయి ఏటన్నాడు? పట్టుకుని లాగీది ఏదైనా మంచిదే అన్నాడా నేదా? ఆ బంతి సిన్నపిల్లలకిచ్చీ."

మాణిక్యం కొబ్బరినూనె సీసా తెచ్చింది. చలికి నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. హీటరు ముందు పెట్టి కరిగే దాకా తిప్పుతూ కూర్చుంది. అట్లకాడ కొనతో గడియ మీది రంగు పెచ్చులు గోకింది. సందుల్లో నూనె చుక్కలు వేసింది. జానకమ్మ కుర్చీలో కూర్చుని, ఎడం చేతి వేళ్ళను కుడి చేత్తో గడియ పిడి చుట్టూ ముడిచి తోసింది. కదల్లేదు. మళ్ళీ తోసింది. నుదుటి మీద చెమట పట్టింది. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. మూడు గంటలకు గడియ గోరంత జరిగి ఆగింది.

"సూసినావా," అంది జానకమ్మ. అప్పుడు ఇద్దరూ హల్వా తిన్నారు.

శుక్రవారం కూడా అదే పని. మధ్యాహ్నానికి ఎడం చేత్తోనే గడియ సగం దాకా తోసింది. వెనక్కి లాగడం మాత్రం రాలేదు. తోసేందుకు భుజం బరువు సాయం వస్తుంది, లాగేందుకు వేళ్ళలో బలం కావాలి. ప్రతిసారీ మాణిక్యమే వెనక్కి లాగింది.

అయిదున్నరకు మాణిక్యం వంటింట్లో పిండి కలుపుతుంటే టక్కున ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడైంది. పిండి చేతులతోనే వచ్చింది. జానకమ్మ వాకరును పక్కకు నెట్టేసి, తలుపుకు కుడి భుజం ఆనించి నిలబడి ఉంది. గడియ పూర్తిగా పడింది.

"అమ్మో, మామ్మగారూ! ఆంటీ వొచ్చీ వేళైంది. తీస్తాను ఉండండి."

"ఆగు."

"తిడతారు."

"నన్ను తిడతారు. ఏసింది నాను."

కింద క్యాబ్ తలుపు పడింది. మాణిక్యం చెయ్యి గడియ మీదకు వెళ్ళింది. వేళ్ళకు అంటిన పిండి ఇనుముకు అంటుకుంది. లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు. జానకమ్మ ఆ చెయ్యిని చూస్తూ నిలబడింది. లాగమనీ వద్దనీ చెప్పలేదు. మాణిక్యానికి మంగళవారం తలుపుకు ఆనించిన తన రెండు అరచేతులు గుర్తొచ్చాయి. 'చాబీ కహాఁ హై' అన్న ప్రశ్న, దాని తర్వాతి నిశ్శబ్దం.

చెయ్యి దించేసి గోడకు ఆనుకుంది.

తాళం తిరిగింది. రెండుసార్లు. తలుపు కదల్లేదు.

"మాణిక్యం?" సునంద గొంతు. భుజంతో నెట్టింది. "మాణిక్యం, గడియ పడినట్టుంది. తియ్యి."

సునంద మళ్ళీ నెట్టింది.

"ఏమైంది? అత్తయ్యగారూ! పడిపోయారా? మాణిక్యం!"

"బాగున్నారు ఆంటీ," అంది మాణిక్యం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నిలబడి ఉన్నారు."

"మరి తియ్యవేం?"

"తాళంచెవి కావాలి ఆంటీ. మాకొకటి."

అవతల ఒక సంచి నేల మీద పెట్టిన చప్పుడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. "క్యా హువా? మేరే పాస్ భీ హై చాబీ," అంటూ మల్హోత్రా ఆంటీ వచ్చి తన తాళంచెవి పెట్టి తిప్పింది. కన్నంలోంచి చూస్తే ఇద్దరి తలలూ తాళం మీదకు వంగి ఉన్నాయి. కింద నుంచి కవరు పట్టుకుని గార్డు కూడా వచ్చాడు. మూడు తాళంచెవులూ తలుపు అవతలే ఉన్నాయి.

"ఇది మంచి పద్ధతి కాదు మాణిక్యం," అంది సునంద, గొంతు తగ్గించి. "పక్కింటివాళ్ళ ముందు నన్ను నిలబెడుతున్నావు. నీకు బాగా ఎక్కువైంది. రేపే టికెట్ తీయించి మీ ఊరు పంపించేస్తాను."

టికెట్ అన్న మాటకు మాణిక్యం కళ్ళు మూసుకుంది. ఊళ్ళో స్టేషన్, చేల మధ్య నీటి బోదుల గట్టు, అమ్మ ముఖం. 'ఏం చేసి వొచ్చినావే?' అనే ప్రశ్న. కళ్ళు తెరిచేసరికి జానకమ్మ ఎడం కాలు వణుకుతోంది. ఎంతసేపు నిలబడిందో. మాణిక్యం వెనక్కి వెళ్ళి తువ్వాలు ముడి పట్టుకుంది.

"తీయించండి ఆంటీ," అంది. "టికెట్ వొచ్చినవరకూ తాళంచెవి కావాలి."

సునంద సంచిని గోడ వారకు జరిపిన చప్పుడైంది. లిఫ్టు మళ్ళీ వచ్చింది. రఘురామ్ బూట్లు. సునంద గబగబా చెప్పింది. మల్హోత్రా ఆంటీ మధ్యలో ఏదో అంది. అతను తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొట్టాడు.

"అమ్మా?"

"ఏటి నాయినా."

"ఏమిటమ్మా ఇది? ఆ పిల్లకి నువ్వన్నా చెప్పకూడదా?"

"గడియ ఏసింది నాను, రఘూ. ఈ ఎడం చేత్తోనే."

తలుపు మీద కొడుతున్న అతని వేళ్ళు ఆగాయి.

"ఎడం చేత్తోనా?" అన్నాడు.

"అవును. తీడం నాకు రాదు. ఆ పిల్లకొచ్చును. మంగళారం నాడు పొగ ఈ తలుపు కింద సందులోంచే వొచ్చినాది. తాళంచెవి కూడా పడతాది. తొయ్యి."

మాణిక్యం కన్నంలోంచి చూసింది. రఘురామ్ మెట్టు మీద కూర్చున్నాడు. టిఫిన్ బాక్సు సంచి ఒళ్ళో పెట్టుకుని, మసి మరక ఉన్న తలుపు పైభాగం వైపు చూస్తున్నాడు. సునంద ఏదో అనబోతే చెయ్యి కొద్దిగా ఎత్తాడు. ఆ తర్వాత లేచి, మల్హోత్రా ఆంటీ ముందు అరచెయ్యి చాచాడు. ఆవిడ తన దగ్గరున్న తాళంచెవి అందులో పెట్టింది. అతను వంగాడు. కన్నంలోంచి కనిపించలేదు.

సందులోంచి ఇత్తడి చెవి జానెడు దూరం జారి, వాకరు కాలికి తగిలి ఆగింది.

మాణిక్యం దాన్ని తీసుకుంది. ఎవరి అరచేతిదో వెచ్చదనం ఇంకా ఉంది. గడియ తియ్యలేదు. ముందు తాళంచెవిని లోపలి వైపు నుంచి తాళం కన్నంలో పెట్టి తిప్పి చూసింది. మొదటిసారి తేలిగ్గా, రెండోసారి కాస్త బిగిసి. తాళం పడింది. అవతల మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మళ్ళీ రెండుసార్లు వెనక్కి తిప్పింది. తాళం ఊడి వచ్చింది. సరైనదే.

తాళంచెవిని జాకెట్టులో దోపుకుంది.

"మామ్మగారూ, చెయ్యి పెట్టండి," అంది. జానకమ్మ ఎడం చెయ్యి గడియ పిడి మీద పడింది. దాని మీద మాణిక్యం తన చెయ్యి వేసింది, బలం కొంతే వేసింది. గడియ కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇంకా ఎంతసేపు?" అంది సునంద.

"వొస్తంది ఆంటీ. నెమ్మదిగా వొస్తంది," అంది మాణిక్యం.

గడియ ఊడింది. తలుపు తెరుచుకోగానే సునంద కూరల సంచి ఎత్తుకుని లోపలికి అడుగు వెయ్యబోయింది. గడపకు అడ్డంగా వాకరు వచ్చి పడింది. దాని వెనక జానకమ్మ, నడుముకు తువ్వాలు, నోరు ఒక పక్కకు లాగి, కళ్ళు లిఫ్టు ముందు గచ్చు మీద. అక్కడ ఎండ లేదు. ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటూ వెలుగుతోంది.

"తప్పుకోండి," అంది జానకమ్మ.

సునంద సంచితో సహా వెనక్కి జరిగింది. రఘురామ్ గోడకు ఒదిగాడు.

"వాకరు," అంది మాణిక్యం. "ఎడం."

ఎడం పాదం లేచి, గడప అవతల పడింది.

"పద్దెనిమిది," అంది జానకమ్మ.